రెండు తాళాల మావయ్య

మావయ్య పనిముట్ల పెట్టెకి రెండు తాళాలు. ఒక తాళం పగలగొట్టిన దొంగ రెండోది చూసి విసుగెత్తి వెళ్ళిపోతాడని ఆయన నమ్మకం. ఆయనకున్న నమ్మకాలన్నిటిలోకీ గట్టిది అదొక్కటే. ఒక తాళంచెవి చొక్కా జేబులో ఉంటుంది. రెండోది ఎక్కడుంటుందో అత్తయ్యకి కూడా తెలియదు.

“కాపురానికొచ్చినప్పట్నుంచీ వెతుకుతున్నా. అది దొరికిన రోజే నాకు పెళ్ళయినట్టు” అంటుంది అత్తయ్య.

ఆయన పనిచేసే షెడ్డులో అందరూ ఆయన్ని, కొలబద్ద అన్నట్టు, గేజి అంటారు. ఏది చేతికిచ్చినా కొలవకుండా నమ్మడని ఆ పేరు పెట్టారు. టీ గ్లాసు అందుకుంటే ముందు వెలుతురుకి ఎత్తి, ఎంత తక్కువ పోశారో చూస్తాడు. ఒకసారి చెప్పులు కొంటూ రెండిటినీ అడుగుకి అడుగు ఆనించి చూస్తుంటే, కొట్టువాడికి నవ్వొచ్చి “రెండూ ఒకే పెట్టెలోంచి తీశానండీ” అన్నాడు.

“ఆ పెట్టెలో పెట్టింది నువ్వే కదా” అన్నాడు మావయ్య.

నేను ఆయన చెల్లెలి కూతుర్ని. అమ్మ మంచం పట్టిన ఏడు నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. అమ్మ పోయాక మావయ్యా అత్తయ్యా నన్ను తెచ్చుకున్నారు. ఇంట్లో ఊరికే కూర్చుంటే బుర్ర తుప్పు పడుతుందని మావయ్య నన్ను షెడ్డుకి తీసుకెళ్ళి, కిటికీ పక్కన బల్ల ముందు కూర్చోబెట్టాడు. లేతు మీద చెక్కిన ప్రతి ఇనుప షాఫ్టు లావునీ మైక్రోమీటరుతో కొలిచి, సరైనవి పచ్చ ట్రేలో, కానివి ఎర్ర ట్రేలో పెట్టడం నా పని. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. అందుకే నాకు నచ్చింది.

కొలిచే పనిలో ఉన్నవాళ్ళకి చూడటం కూడా అలవాటైపోతుంది. షెడ్డులో ఎవరు ఎప్పుడు దేనివైపు చూస్తున్నారో నాకు తెలుస్తూ ఉండేది. చెప్పడమే రాదు. నలుగురు నావైపు తిరిగితే ట్రేలు సర్దుకుంటూ కూర్చుంటాను.

మావయ్య లేతు ఆయనకంటే వయసులో పెద్దది. బూడిద రంగు ఊడిపోయి లోపలి ఎర్ర రంగు, అదీ ఊడిపోయి ఇనుము కనిపించేది. దాని మీద ఇనుప కడ్డీ గిర్రున తిరుగుతుంటే, ఉలిలాంటి టూలు దాన్ని చెక్కుకుంటూ పోతుంది. టూలుని లోపలికీ బయటికీ జరపడానికి ముందువైపు ఒక ఇనుప చక్రం ఉంది. చక్రానికి వెనక ఉన్న స్క్రూ ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి అరిగిపోయింది. చక్రం తిప్పితే ముందు కాస్త ఊరికే తిరిగి, ఆ తరువాతే టూలు కదిలేది. కోత చివరికొచ్చేసరికి టూలు వెనక్కి జారాలని చూసేది. అప్పుడు మావయ్య అరచేయి చక్రం అంచుకి ఆనించి, బొటనవేలితో వెంట్రుకవాసి లోపలికి నొక్కేవాడు. షాఫ్టు అద్దంలా వచ్చేది.

“దీనికి మొహమాటం ఎక్కువ. చివర్లో కొంచెం ముందుకి తోయాలి” అనేవాడు.

ఆ అంచు అరచేయి తగిలి తగిలి వెండి గిన్నెలా మెరిసేది.

షెడ్డు ఓనరమ్మది. భర్త పోయాక ఆవిడే నడుపుతోంది. మనిషి చెడ్డది కాదు, మాటే కరుకు. పంపులు చేసే కంపెనీకి మేము షాఫ్టులు పంపేవాళ్ళం. ఈ మధ్య కంపెనీ వాళ్ళు షాఫ్టులన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండాలంటున్నారు. మావయ్య చేతి షాఫ్టులు పొద్దున ఒకలా, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకలా ఉండేవి. తేడా చాలా చిన్నది, కానీ నా మైక్రోమీటరుకి తెలిసేది. ఓనరమ్మకి నేను చెప్పలేదు. ఎర్ర ట్రే చెప్పింది.

“కొత్త మిషను కొనే స్తోమత లేదన్నయ్యా” అంది ఒకరోజు మావయ్యతో. “ఉన్నదానికే మోటార్లు పెట్టి, కంట్రోలు పెట్టె బిగిస్తే అదే కొలత పెట్టుకుని అదే చెక్కుతుందట. ఒకాయన వస్తున్నాడు.”

“వచ్చి?”

“చూస్తాడు.”

“చూడ్డానికొచ్చేవాళ్ళని నేను చాలామందిని చూశానమ్మా.”

ఆ మాట వెనక ఒక కథ ఉంది. మావయ్య కుర్రతనంలో వేరే వర్క్‌షాపులో చేసేవాడు. ఒక మనిషి టేపు పట్టుకొచ్చి, ఊరికే చూస్తానని ఆయన లేతుని అటూ ఇటూ కొలిచి, టీ తాగి వెళ్ళిపోయాడట. మళ్ళీ వచ్చేటప్పుడు లారీ తెచ్చాడు. లేతు లారీ ఎక్కింది, మావయ్య రోడ్డెక్కాడు. అప్పట్నుంచీ ఆయనకి టేపంటే పడదు. దర్జీ దగ్గర కూడా టేపు వేయించుకోడు. పాత చొక్కా ఇచ్చి “ఇలాగే కుట్టు” అంటాడు.

వచ్చినాయన షెడ్డులోకి అడుగు పెడుతూనే జేబులోంచి టేపు తీశాడు.

అంతే, మావయ్య ముఖం ముడుచుకుపోయింది.

ఆయన్ని టీవీ మేస్త్రి అనేవాళ్ళు. పెద్ద పెద్ద డబ్బా టీవీలు ఉన్న రోజుల్లో వాటిని బాగుచేసేవాడు. ఆ టీవీలు పోయాయి, ఆయన కొట్టు మూతబడింది. కూర్చుని ఏడవకుండా మోటార్లూ కంట్రోలు పెట్టెలూ నేర్చుకున్నాడు. నెత్తి మీద కళ్ళజోడు, చెవి వెనక స్క్రూడ్రైవరు. అనుమానంలో మావయ్యకి ఏమాత్రం తీసిపోడు. బిగించిన ప్రతి స్క్రూ తల మీదా గోళ్ళరంగు చుక్క పెట్టేవాడు. ఎవరైనా విప్పితే రంగు పగులుతుంది, దొంగ దొరుకుతాడు. ఆయన జేబులో ఎర్ర గోళ్ళరంగు సీసా చూసి మావయ్య నావైపు తిరిగి కనుబొమ్మలెగరేశాడు.

“ఆ సీసా ఇంట్లోవాళ్ళదా మేస్త్రీ?”

“నాదేనండీ. మీలాంటి పెద్దమనుషుల కోసం పెట్టుకున్నా.”

మొదటి పలకరింపు అది.

మేస్త్రి పని మొదలుపెట్టాడు. స్క్రూకి వెనకవైపు మోటారు బిగించాడు. గోడకి ఇనుప పెట్టె, దాని నుంచి లేతుకి లావుపాటి వైర్లు. చక్రం మాత్రం ఉంచేశాడు. “కరెంటు పోతే టూలు వెనక్కి తీసుకోవడానికి పనికొస్తుంది” అన్నాడు. చక్రానికుండే పిడి ఒక్కటి విప్పేశాడు. మోటారు తిప్పేటప్పుడు అది తిరుగుతూ ఎవరి మోచేతికైనా తగులుతుందట. పిడి బల్ల మీద పెట్టేలోపే మావయ్య దాన్ని తీసుకుని జేబులో వేసుకున్నాడు.

“ఇవాళ పిడి. రేపు చక్రం. ఎల్లుండి నేను” అన్నాడు నాతో, చిన్నగా.

మొదటిసారి నడిపిన రోజు ఓనరమ్మ కూడా వచ్చి నిలబడింది. మేస్త్రి పెట్టెని పైన ఒక్కటి చరిచి, మీట నొక్కాడు. కడ్డీ తిరిగింది. ఎవరూ ముట్టకుండానే చక్రం దానంతటది గిర్రున తిరిగి, టూలు లోపలికెళ్ళి, చెక్కుకుంటూ పోయి, వెనక్కొచ్చింది. మావయ్య దెయ్యాన్ని చూసినట్టు చూశాడు. నేను కొలిచాను. సరిగ్గా ఉంది. రెండోది కూడా. మూడోది, నాలుగోది కూడా అంతే.

ఓనరమ్మ నవ్వింది. ఆవిడ నవ్వడం నేను చూసింది తక్కువ.

“ఇక మీరు దగ్గరుండి కడ్డీలు మారుస్తూ, టూలు చూసుకుంటే చాలన్నయ్యా” అంది.

మర్నాటి నుంచి మావయ్య ఒక్కడే లేతు దగ్గర నిలబడ్డాడు. అప్పట్నుంచి షాఫ్టులు చెడటం మొదలైంది.

పొద్దున మొదటివి బాగానే వచ్చేవి. పోనుపోను సన్నబడేవి. లావుగా వస్తే మళ్ళీ చెక్కుకోవచ్చు, సన్నబడితే పాత ఇనుమే. మధ్యాహ్నానికి నా ఎర్ర ట్రే నిండిపోయేది. మేస్త్రిని పిలిస్తే వచ్చి, పెట్టెని ఒక్కటి చరిచి, కొలత మళ్ళీ మొదట్నుంచి పెట్టేవాడు. కాసేపు బాగుండేది. ఆయన వెళ్ళగానే మళ్ళీ అదే వరస.

“మోటారు లెక్క తప్పుతోంది” అన్నాడు మేస్త్రి. “అది అడుగులు లెక్కపెట్టుకుంటూ తిరుగుతుంది. ఎవరో అడ్డుపడితే తప్ప తప్పదు.” చెప్పి, పెట్టె మీదున్న గోళ్ళరంగు చుక్కలన్నీ ఒక్కొక్కటే వంగి చూశాడు. ఒక్కటీ పగల్లేదు. అయినా మావయ్య వైపు చూసే చూపు మారలేదు.

మావయ్య అనుమానం మావయ్యది. “ఆయన ఫోను చూశావా? అందులోంచే ఏదో చేస్తున్నాడు. ఇక్కడుంటే బాగుచేస్తాడు, ఇంటికెళ్ళి పాడుచేస్తాడు. మళ్ళీ మళ్ళీ పిలిపించుకోవాలి కదా.”

నాకు మొదట మావయ్య మాటే నిజమనిపించింది. మేస్త్రి వచ్చినప్పుడల్లా ఫోను ఏ జేబులో పెట్టాడో, ఎప్పుడు తీశాడో కళ్ళలో వత్తులేసుకుని చూశాను. ఒకసారి ఆయన బయటికెళ్ళి గోడ పక్కన ఫోను చూసుకుంటుంటే, నేను నీళ్ళ కోసం వెళ్తున్నట్టు వెళ్ళి తొంగిచూశాను. మనవరాలి ఫొటో చూసుకుంటున్నాడు. తలెత్తి “బాగుందా?” అన్నాడు. సిగ్గుతో చచ్చి, తలూపి వచ్చేశాను.

ఆ తరువాత ఇంకోటి గమనించాను. అది గమనించకపోతే బాగుండేదనిపించింది. మావయ్య టీ తాగడానికి వెళ్ళినప్పుడు, కడ్డీలు అందించే ఆయాసాల తాత లేతు దగ్గర నిలబడేవాడు. తాత రెండు చేతులూ వెనక్కి కట్టుకుని దూరంగా ఉండేవాడు, ఆ మిషనంటే భయం. అప్పుడొచ్చిన షాఫ్టులన్నీ ఒకే కొలత. సన్నగా ఉంటే అన్నీ అంతే సన్నం, ఇంకా సన్నబడేవి కావు. మావయ్య తిరిగొచ్చాక మళ్ళీ తగ్గడం మొదలయ్యేది.

అంటే మావయ్యే ఏదో చేస్తున్నాడా?

ఆ ఆలోచన వచ్చాక అన్నం గొంతు దిగలేదు. నాకు అన్నం పెట్టే మనిషిని అనుమానిస్తున్నాను. కానీ ఆయనకి కారణం ఉంది కదా. పిడి పోయింది, రేపు చక్రం, ఎల్లుండి తను. మిషను పనికిరాదని తేలితే పాత పద్ధతే మళ్ళీ వస్తుందని అనుకున్నాడేమో. నేను బల్ల దగ్గర్నుంచి ఆయన వీపునే చూస్తూ ఉండేదాన్ని. కొత్త పెట్టె, వైర్లు అడ్డంగా ఉండి ఆయన చేతులు సరిగ్గా కనిపించేవి కావు.

ఓనరమ్మ ఓపిక అయిపోయింది. ఒకరోజు ఎర్ర ట్రే తెచ్చి ఇద్దరి మధ్యా నేల మీద పెట్టింది.

“కంపెనీవాళ్ళు ఈ శనివారం దాకా చూస్తామన్నారు. ఆ తరువాత పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. అప్పుడు ఈ లేతుని ఉంచుకుని నేనేం చేసుకోను? పాత ఇనుము కొట్టాయన్ని రమ్మన్నాను, చూసి వెళ్తాడు.”

మావయ్య ముఖంలో రక్తం లేదు. “టేపు పట్టుకొస్తాడా?” అన్నాడు.

“ఏం పట్టుకొస్తే ఏంటన్నయ్యా? లేతు లేకపోతే మీకు మాత్రం ఇక్కడ పనేముంది, చెప్పండి. ఈ పిల్లకి కొలవడానికేముంది?”

“అడ్డుపడుతున్నదెవరో తేలితే చాలమ్మా” అన్నాడు మేస్త్రి, గోడకేసి చూస్తూ.

“ఎవరంటే? పేరు చెప్పు!” అన్నాడు మావయ్య.

“చెప్పక్కర్లేదు. విన్నవాళ్ళకి తెలుసు.”

మావయ్య వెళ్ళి లేతు మీద చెయ్యేశాడు. “దీని మీద చెయ్యేసి చెప్తున్నా. నేను ఆ పెట్టెని గానీ, మోటారుని గానీ, దేన్నీ ముట్టుకోలేదు. ముట్టుకునుంటే ఈ చెయ్యి పడిపోవాలి.”

ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆ ముఖం నాకు తెలుసు. మరి షాఫ్టులు ఎందుకు సన్నబడుతున్నాయి?

ఆ సాయంత్రం ఇంట్లో మావయ్య కుర్చీలో కూర్చుని రేడియో వింటున్నాడు. వినడం లేదు, ఊరికే పెట్టుకున్నాడు. నేనూ అత్తయ్యా గుమ్మం దగ్గర కూరగాయలు తరుగుతున్నాం. అత్తయ్య ఆయనవైపు చూసి నవ్వింది.

“అదిగో చూడు, మొదలుపెట్టాడు.”

“ఏంటత్తయ్యా?”

“ఆ చెయ్యి చూడు. ఇంటికొచ్చినా డ్యూటీ దిగదు. పడుకుంటే నా భుజం మీద పెట్టి నొక్కుతాడు. నన్ను కూడా లేతే అనుకుంటాడు మీ మావయ్య. ‘ఏమండోయ్, నేను ఇప్పటికే సన్నగా ఉన్నా, ఇంక చెక్కకండి’ అంటాను. లేపి అడిగితే, నేనేం చెయ్యలేదంటాడు!”

నేనూ నవ్వాను. నవ్వుతూనే చూశాను. కుర్చీ చేతి మీద ఆయన కుడి అరచేయి ఆని ఉంది. కాసేపు కదల్లేదు. తరువాత బొటనవేలు వెంట్రుకవాసి ముందుకు నొక్కింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ నొక్కింది. ఆయన కళ్ళు గోడ మీదున్నాయి. ఆ చెయ్యి సంగతి ఆయనకే తెలియదు.

నా నవ్వు ఆగిపోయింది. కత్తిపీట పక్కన పెట్టి అలాగే కూర్చుండిపోయాను.

చెప్పాలి. ఎలా చెప్పాలి? లేతు మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్న మనిషితో, “మావయ్యా, నువ్వే” అనాలా? మేస్త్రి ముందు, ఓనరమ్మ ముందు? చెప్పినా నమ్ముతాడా? చెప్పుల కొట్టువాణ్ణే నమ్మని మనిషి, నిన్నగాక మొన్న మైక్రోమీటరు పట్టుకున్న మేనకోడల్ని నమ్ముతాడా? చూపిస్తే తప్ప ఆయన ఏదీ ఒప్పుకోడు. నా అనుమానం కూడా తప్పే కావచ్చు. నాకూ చూపించాలి ఎవరైనా.

షెడ్డులో అలమరలో నీలం డబ్బా ఒకటి ఉంటుంది. జిగటగా ఉండే రంగు, ఎంతకీ ఆరదు. రెండు ఇనుప ముక్కలు ఎక్కడ తగులుతున్నాయో తెలియాలంటే ఒకదానికి పల్చగా పూసి రెండోదాన్ని ఆనిస్తారు. తగిలినచోట నీలం అంటుతుంది. అది నాకు నేర్పింది మావయ్యే. “కంటిని నమ్మకు, వేలిని నమ్మకు. నీలం మాత్రం అబద్ధమాడదు” అని చెప్పాడు.

శనివారం పొద్దున మావయ్య బయట కాళ్ళు కడుక్కుంటుంటే, నేను గుడ్డతో కాస్త నీలం తీసి చక్రం అంచంతా పూశాను. చాలా పల్చగా పూశాను, పైనుంచి చూస్తే కనబడనంతగా. తొందరలో కొంచెం నేల మీద పడింది. చెప్పుతో రుద్దేసి బల్ల దగ్గరికెళ్ళి కూర్చున్నాను.

అందరూ వచ్చారు. ఓనరమ్మ స్టూలు వేసుకుని కూర్చుంది. మేస్త్రి కొలత మొదట్నుంచి సరిచేసి, పెట్టెని చరిచి, మీట నొక్కి, వెళ్ళి గోడకి ఆనుకున్నాడు. “నేనిక్కడే ఉంటా. నా చేతులు అందరికీ కనబడేలా ఉంటా” అని రెండు చేతులూ చాచి చూపించాడు.

“ఫోను?” అన్నాడు మావయ్య.

మేస్త్రి పళ్ళు నూరి, ఫోను తీసి ఓనరమ్మ ఒళ్ళో పెట్టాడు.

మొదటి షాఫ్టు వచ్చింది. సరిగ్గా ఉంది. రెండోదీ ఫరవాలేదు. మూడోది కొలిస్తే కాస్త తక్కువ. నాలుగోది ఇంకా తక్కువ. రెండూ ఎర్ర ట్రేలో పెట్టాను. ట్రే చప్పుడుకి అందరూ ఇటు తిరిగారు.

“చూశారా అమ్మా?” అన్నాడు మేస్త్రి. “నేను ఇక్కడే ఉన్నా. ఫోను మీ ఒళ్ళోనే ఉంది. దగ్గరున్నదెవరు?”

మావయ్య ఒక్క అంగలో ముందుకొచ్చాడు. “నువ్వే! పొద్దున వచ్చి ఆ పెట్టెలో ఏం నొక్కావో ఎవరికి తెలుసు? నేను దీన్ని ముట్టుకోలేదని ఒట్టేశాను!” అంటూ చెయ్యెత్తి మేస్త్రి ముఖం మీదికి చూపించాడు.

ఎత్తిన చేతికి అరచేయి నిండా నీలం. బొటనవేలు కొసదాకా నీలం.

“ఏంటన్నయ్యా ఆ చేతికి?” అంది ఓనరమ్మ.

మావయ్య చెయ్యి తిప్పి చూసుకున్నాడు. దులిపాడు. పోలేదు. వేళ్ళతో రాసి, వాసన చూశాడు. అది ఏంటో ఆయనకి తెలిసిపోయింది. మెల్లగా వెనక్కి తిరిగి చక్రం దగ్గరికెళ్ళి వంగాడు. అంచు మీద అరచేయి ఆనినంత మేరా నీలం చెరిగి, ఇనుము మెరుస్తోంది. ఆయన ఆ జాడని, రెండు ఇనుప ముక్కలు ఎక్కడ తగిలాయో చూసేటప్పుడు ఎలా చూస్తాడో అలాగే చూశాడు. తన అరచేయి దాని పక్కన పెట్టి చూసుకున్నాడు. సరిపోయింది.

నావైపు చూస్తాడేమోనని నేను తల వంచేశాను.

“ఇది నాదే” అన్నాడు మావయ్య. “ఇక్కడ ఆనింది.”

మేస్త్రి గోడ వదిలి వచ్చాడు. “నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా—”

“తెలిసి చెయ్యలేదు మేస్త్రీ.”

“తెలీకుండా ఎలా చేస్తారండీ? చెయ్యి మీదేగా?”

“అదే నాకూ తెలీడం లేదు. ఇంకోటి నడుపు. నేను చేతులు కట్టుకుని నిలబడతా. మీరంతా చూడండి.”

మేస్త్రి పెట్టెని చరిచి, మీట నొక్కాడు. మావయ్య చేతులు కట్టుకుని బిగుసుకుని నిలబడ్డాడు. టూలు లోపలికెళ్ళింది, చెక్కుకుంటూ పోయింది. కోత చివరికొస్తుంటే ఆయన కుడి భుజం కొంచెం ముందుకి వాలింది. చంకలోంచి చెయ్యి మెల్లగా బయటికొచ్చింది, ఎవరో పిలిచినట్టు. వెళ్ళి చక్రానికి ఆనింది.

ఆయాసాల తాత దగ్గాడు.

మావయ్య ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని వెనక్కి లాక్కున్నాడు. “ఇన్నాళ్ళూ ఊళ్ళో అందర్నీ అనుమానించా. దీన్నొక్కదాన్ని వదిలేశా” అన్నాడు.

మేస్త్రికి ఇంకా నమ్మకం కుదరలేదు. “ఇదంతా నటనేమో! ఇలా కూడా జరుగుతుందా ఎక్కడైనా?” అన్నాడు.

“ఎందుకు జరగదూ?” అంది ఓనరమ్మ. “నువ్వు మీట నొక్కే ముందు ఆ పెట్టెని చరుస్తావెందుకు?”

“నేనా?”

“ప్రతిసారీ చరుస్తావ్.”

మేస్త్రి మా అందరివైపూ చూశాడు. తాత తలూపాడు. నేనూ ఊపాను. మేస్త్రి తన అరచేయి తిప్పి చూసుకున్నాడు, అక్కడ కూడా ఏదో అంటుకునుందేమోనన్నట్టు.

“పాత టీవీలకి ఒక్కటిస్తే గానీ బొమ్మొచ్చేది కాదండీ” అన్నాడు చివరికి. “చక్రం ఉంచడం నా తప్పే. చెయ్యి ఆనుతుందని నేను అనుకోవద్దూ? అది లోపలికి తోస్తుంటే మోటారు లెక్క తప్పక ఏం చేస్తుంది?”

మావయ్య తన పనిముట్ల పెట్టె రెండు తాళాలూ తీశాడు. రెండో తాళంచెవి ఎక్కడ్నుంచి తీశాడో ఆ గలాటాలో ఎవరూ చూడలేదు, నేను కూడా. పెట్టెలోంచి పానా తెచ్చి, తనే చక్రం విప్పాడు. మేస్త్రి సాయం వస్తానంటే వద్దన్నాడు. చక్రం ఊడి వచ్చాక దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు నిలబడి, నా బల్ల మీద పెట్టాడు.

ఆ రోజంతా షాఫ్టులు చెక్కారు. మొదటిది ఎలా ఉందో చివరిదీ అలాగే ఉంది. నా పచ్చ ట్రే నిండి, ఇంకో ట్రే తెచ్చుకోవాల్సి వచ్చింది. సాయంత్రం పాత ఇనుము కొట్టాయన గుమ్మంలోకి వచ్చాడు. ఆయన జేబులో చెయ్యి పెట్టేలోపే మావయ్య ఎదురెళ్ళి, “ఇక్కడేం లేదు, పోవయ్యా” అన్నాడు. ఓనరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి టీ తెప్పించి, నెమ్మదిగా పంపించింది.

కానీ ఆ తరువాత రోజుల్లో మావయ్య చెయ్యి చూడలేకపోయాను. టూలు మార్చడం, కోత చప్పుడు విని అరిగిందో లేదో చెప్పడం, అన్నీ చేస్తూనే ఉన్నాడు. కోత చివర మాత్రం చెయ్యి వెళ్ళి, చక్రం లేనిచోట గాలిలో ఆగేది. ఆయన దాన్ని జేబులో పెట్టుకునేవాడు. అది జేబులోనే నొక్కేది.

నేను చూసింది మేస్త్రి కూడా చూసినట్టున్నాడు. ఒకరోజు నా బల్ల మీదున్న చక్రం అడిగి తీసుకెళ్ళాడు. “ఎక్కడికి పట్టుకెళ్తున్నావ్?” అని మావయ్య వెంటపడితే, “మా ఇంటికి కాదులెండి” అన్నాడు. కంట్రోలు పెట్టె కింద ఒక బల్ల అమర్చి, దాని మీద చక్రం బిగించాడు. వెనక చిన్న డబ్బా, దాని నుంచి సన్న వైరు పెట్టెలోకి.

“కొలత పెట్టుకునేటప్పుడు ఈ మీట ఇటు తిప్పండి. చక్రం ఒక గీత తిప్పితే టూలు ఒక గీత కదులుతుంది. చెక్కేటప్పుడు మీట అటు తిప్పండి. అప్పుడు మీరు చక్రాన్ని ఎంత నొక్కినా దానికి వినబడదు.”

“వినబడదని నువ్వంటున్నావ్.”

“పరీక్ష చేసుకోండి. కాదన్నానా?”

మావయ్య జేబులోంచి పిడి తీశాడు. విప్పిన రోజు నుంచీ అది అక్కడే ఉంది. చక్రానికి బిగించాడు. మీట ఇటు తిప్పి, ఒక గీత తిప్పాడు. వంగి టూలు చూశాడు. వెనక్కి తిప్పాడు, మళ్ళీ చూశాడు. ఊరికే తిరగడం లేదు, వెంటనే కదులుతోంది. ఆయన కనుబొమ్మలు కలిశాయి.

“లూజు ఏమైంది?”

“దాని లెక్క పెట్టెలో వేశా.”

“ఎంత వేశావ్?”

మేస్త్రి చెప్పాడు. మావయ్య కాసేపు ఆలోచించి, “సరే, చూద్దాం” అన్నాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెప్పు నేను వినలేదు.

తరువాత మీట అటు తిప్పి కడ్డీ బిగించాడు. కోత చివరికొచ్చింది. అరచేయి వెళ్ళి చక్రం మీద ఆనింది. బొటనవేలు నొక్కింది. ఈసారి ఆయన తన చేతినే చూస్తున్నాడు. షాఫ్టు తెచ్చి నా ముందు పెట్టాడు.

“ఎంత?”

“సరిగ్గా ఉంది మావయ్యా.”

“మళ్ళీ కొలువు.”

కొలిచాను. సరిగ్గానే ఉంది. ఆయన నా చేతిలోంచి మైక్రోమీటరు తీసుకుని తనూ కొలిచి, మేస్త్రిని పిలిచి ఆయన చేత కూడా కొలిపించాడు.

ఆ నీలం ఎవరు పూశారని మావయ్య ఆ రోజు అడగలేదు, తరువాతా అడగలేదు. నేనూ చెప్పలేదు. కానీ చక్రం మళ్ళీ బిగించిన మర్నాడు అలమరలో చూస్తే నీలం డబ్బా కనబడలేదు. ఆయాసాల తాతని అడిగితే తెలియదన్నాడు. మేస్త్రి అయితే తన సంచీ విప్పి చూపించాడు. మధ్యాహ్నం మావయ్య పానా కోసం తన పనిముట్ల పెట్టె తెరిచినప్పుడు చూశాను. డబ్బా అందులో ఉంది, ఒక మూలగా, గుడ్డలో చుట్టి.

నేను చూడటం ఆయన చూశాడు.

“ఈ మధ్య నీలం తొందరగా అయిపోతోంది” అన్నాడు నావైపు చూడకుండా, రెండు తాళాలూ వేస్తూ. “కావాలంటే నన్నడుగు.”